జాబితాలో లేని బర్మా

ఆ మిషన్ని కాల్చింది మీరే. ఆండాళు కాల్చిందని కాగితం రాసుకున్నారు, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎన్ని కాగితాలు రాసుకున్నా కాల్చింది మీరే. జాబితా తయారుచేసినవాడా, నువ్వు. జాబితాలో ఉన్నదే మహాప్రసాదమని తలూపిన అధ్యక్షుడా, నువ్వు. చాయ్ తాగి చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయిన సభ్యులారా, మీరందరూ. పల్చటి చెక్కకు బెజ్జం వేయడమంటే ఏమిటో మీలో ఒక్కడికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ముగ్గురున్నారు. ఒకడు కుంటివాడని నవ్వారు, ఒకామె ఆడదని అడగలేదు, ఇంకొకడు ఊరవతలి గుడిసెల మనిషని మెట్టెక్కనివ్వలేదు. ఇప్పుడు తప్పెవరిదని ఇంకా విచారణ చేస్తారట. చేయండి. ముందు జరిగిందేమిటో వినండి.

నారాయణపేటకు రెండు కోసుల దూరంలో ఎర్రగుంటపల్లె అని ఒక ఊరు. అరవై మగ్గాలు. వెంకటనర్సు అక్కడ చేయి తిరిగిన నేతగాడు. వానలు రాకముందు ఒకనాడు ఇంటి మీద గూన పెంకు సర్దబోయి జారిపడ్డాడు. మోకాలు పక్కకు తిరిగింది. ఊళ్ళో కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు. మహబూబునగరం దవాఖానకు తీసుకుపోయేసరికి ఎముక అట్లాగే అతుక్కుపోయింది. ఇక ఆ కాలు వంగదు. గుంత మగ్గంలో దిగి కింది కర్రలు తొక్కాలంటే రెండు మోకాళ్ళూ వంగాలి. అంటే అతని నేత అక్కడితో సరి.

మగ్గం ఊరుకోదు కదా. భార్య ఆండాళు గుంతలో దిగింది. ఆమె తండ్రి కొడుకులు లేనివాడు, చిన్నప్పుడే కూతురి చేతికి నాడె అందించి నేత నేర్పాడు. ఆడది మగ్గంలో దిగడమేమిటని వాడకట్టు నాలుగు రోజులు ముక్కు మీద వేలేసుకుంది, ఐదోరోజు మరిచిపోయింది. వెంకటనర్సు మాత్రం గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పొద్దున కూర్చుంటే పొద్దుమూకేదాకా అదే గోడ. అడిగితే ఊఁ అనేవాడు, అడగకపోతే అదీ లేదు. ఒక ఏడాది పొడుగునా ఆండాళు ఆ మొహాన్ని చూస్తూ నేసింది. ఆ ఏడాదిని మళ్ళీ చూడమంటే గుంతలోనే మట్టి కప్పుకుంటానని ఆమె ఒకసారి పక్కింటి కృష్ణమ్మతో అన్నది.

ఆ మనిషిని లేపి కూర్చోబెట్టింది చెక్కపని. విరిగిన నాడె ఒకటి బాగుచేశాడు. తర్వాత కండెలు. తర్వాత డాబీ పట్టీలు. చీర అంచు మీద పువ్వు గాని, గోపురం గాని లేవాలంటే ఏ పోగు ఎప్పుడు పైకి లేవాలో చెప్పేది డాబీ. దానికి వేలెడు వెడల్పు చెక్క పట్టీలు గొలుసులాగా కడతారు. ఒక్కో పట్టీకి పదహారు బెజ్జాలు, బెజ్జాల్లో పుల్లలు. పుల్ల ఉన్నచోట పోగు లేస్తుంది. బెజ్జం నూలు వాసి పక్కకు పోతే వేరే పోగు లేస్తుంది, అంచు పొడుగునా గీత పడుతుంది, చీర ధర పడిపోతుంది. వెంకటనర్సు నేతగాడు కనుక ఆ బాధ తెలిసి చేసేవాడు. అతని పట్టీ తీసుకున్నవాడు మళ్ళీ అతని దగ్గరికే వచ్చాడు. గోడ దగ్గరి మనిషి పనిలో పడ్డాడు. మాట్లాడడం మొదలుపెట్టాడు. అన్నంలో ఉప్పు తక్కువైందని కసురుకోవడం కూడా మొదలుపెట్టాడు. ఆండాళుకు ఆ కసురు వింటే ప్రాణం లేచొచ్చేది.

కాని బెజ్జం వేసే బర్మా ఉన్నదే, అదీ పీడ. అది తాడు బర్మా. నిలువు కర్ర, కొసకు ఇనుప ముల్లు, కర్ర నడుముకు రెండు చుట్లు తాడు. ఒకరు పైన కొబ్బరి చిప్ప పెట్టి నొక్కిపట్టాలి, ఇంకొకరు ఎదురుగా కూర్చుని తాడు రెండు కొసలు పట్టుకుని అటొకసారి ఇటొకసారి గుంజాలి. వడ్లవాళ్ళు విల్లులాంటి కమానుతో ఒక్కరే ఆడిస్తారు, నిజమే. అది పాలు తాగే వయసు నుంచి అలవాటైన చేతులకు. వెంకటనర్సు నలభై దాటాక ప్రయత్నించి పది పట్టీలు పాడుచేసుకున్నాడు. అందుకని అతను నొక్కిపట్టేవాడు, ఆండాళు గుంజేది.

ఒక డాబీకి నలభై పట్టీలు. ఎన్ని బెజ్జాలవుతాయో మీరే లెక్క చూసుకోండి, లెక్కలు మీకు బాగా వచ్చు కదా. ఆమె తాడు గుంజుతున్నంతసేపూ మగ్గం ఖాళీ. మగ్గం ఎక్కితే ఆయన ఖాళీ. ఇద్దరికీ కలిపి రెండే చేతులున్నట్టయింది. పైగా నేతగాళ్ళ సొసైటీ కట్టుబాటు ఒకటి ఉంది. మూడు నెలలు గుడ్డ ఇవ్వని మగ్గానికి నూలు బందు, పుస్తకంలో పేరు కొట్టివేత. పేరు పోతే మళ్ళీ సావుకారు గడప. ఆండాళు మగ్గం ఆడక అప్పటికి నెలన్నర అయింది. పట్టీలు వదిలేస్తే మొగుడు గోడకు పోతాడు, వదలకపోతే మగ్గం పోతుంది. మనిషి ఒక్కడే ఆడించగల బర్మా ఒకటి దొరికితే రెండూ నిలబడతాయి. ఆ ఇంటికి కావలసింది అంతే. జీపు కాదు, మిల్లు కాదు. ఒక బర్మా.

దారి చూపించింది జానయ్య. జానయ్య ఊరవతలి గుడిసెల్లో పుట్టినవాడు. మహబూబునగరంలో ఒక క్రైస్తవ మిషనరీల బడిలో చదివి, అక్కడి వడ్రంగి షెడ్డులోనే పదేళ్ళు పనిచేశాడు. తల్లి మంచం పట్టిందని ఊరికి వచ్చి, ఇంటి దగ్గరే టేకు చెక్క చీల్చి చిత్రిక పట్టి వెంకటనర్సుకు పట్టీలు ఇచ్చేవాడు. వారానికొకసారి షెడ్డుకు పోయి వచ్చేవాడు. ఒకనాడు పొద్దున్నే సంచిలోంచి ఒక ఇనుప సామాను తీసి అరుగు అంచు మీద పెట్టాడు. గిర్ర బర్మా. ఒక పళ్ళచక్రం, దానికి పిడి. పిడి తిప్పితే చక్రం పళ్ళు చిన్న చక్రం పళ్ళలో పడి ముల్లు గిరగిర తిరుగుతుంది. ఎడమ చేయి నొక్కుతుంది, కుడిచేయి తిప్పుతుంది. రెండో మనిషి అక్కరలేదు.

ఆండాళు ఏం చేసిందో అది కూడా చెప్పాలి. దాచిపెడితే నేను మీకంటే గొప్పవాణ్ణేమీ కాను. ఆమె లోపలికి పోయి చెంబులో పసుపు నీళ్ళు తెచ్చి, ఆ బర్మా మీద చిలకరించి, అప్పుడు ముట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె అత్త అట్లాగే చేసింది, అత్తకు అత్త అట్లాగే చేసింది. జానయ్య అరుగు కింద నిలబడి ఇనుము మీది నీటి చుక్కలను చూశాడు. అతని మొహంలో ఏమీ మారలేదు.

"తుప్పు పడ్తది అక్కా," అన్నాడు. "జర తుడువుర్రి."

ఆమె కొంగుతో తుడిచింది. ఆ మాట ఆమె చెవిలో ఎన్ని రోజులు ఉండిపోయిందో తర్వాత చెబుతాను.

ఆ పూట వెంకటనర్సు నేల మీద కాలు చాపుకుని, పట్టీని తొడ కింద అదిమిపట్టి ఒక్కడే బెజ్జాలు వేశాడు. ఆండాళు నాలుగు కండెలు చుట్టేలోగా పట్టీ పూర్తయింది. బెజ్జాలన్నీ ఒక్క వరసలో, అచ్చు గుద్దినట్టు. అతను పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని పదహారు బెజ్జాల్లోంచి ఆకాశం చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు చూసి, ఇంకా ఈడేం పని నీకు, మగ్గమెక్కు పో, అన్నాడు. ఆమె ఎక్కింది. ఎదురుగా ఆయన గిర్ర తిప్పుతుంటే ఇక్కడ ఈమె నాడె వేసింది. రెండు చప్పుళ్ళు ఒక ఇంట్లో. ఆ పూట మూరెడు గుడ్డ దిగింది.

సాయంత్రం జానయ్య వచ్చి బర్మా తీసుకుపోయాడు. అది షెడ్డుది, అప్పగించాలి. రాయచూరు బజారులో ఇట్లాంటిది ఇరవై రెండు రూపాయలకు వస్తుందని చెప్పాడు. కొనేటప్పుడు ముల్లు పట్టే నోరు ఊగుతున్నదా లేదా చూసుకోవాలని, చక్రం పళ్ళు పోతపోసినవి కాకుండా కోసినవై ఉండాలని, పిడి చెక్కదైతే చెమటకు జారదని వివరంగా చెప్పాడు. కరెంటు బర్మాలు కూడా వచ్చాయట కదా అని వెంకటనర్సు అడిగితే తల అడ్డంగా ఊపాడు. అది నిలబడి పనిచేసేవాడికి, దొడ్డు చెక్కకు. పల్చటి పట్టీ దాని వేగానికి పగులుతుంది. దాన్ని చూసుకునే పద్ధతి వేరే ఉంటుంది, ఆ పద్ధతి తెలియకపోతే వారం తిరగదు. ఇదంతా అరుగు కింద నిలబడే చెప్పాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఇరవై రెండు రూపాయలు ఒక్కసారిగా ఆ ఇంట్లో ఎప్పుడూ లేవు. సొసైటీలో పనిముట్ల నిధి ఉంది, దానికి దరఖాస్తు పెట్టారు. సొసైటీ అధ్యక్షుడు పరమేశ్వర్ వెంకటనర్సుకు బావ వరస. బావా, ఇంత చిన్నదానికి దరఖాస్తెందుకు, వచ్చే మీటింగులో చూద్దాం పో, అన్నాడు. మీటింగుకు పరిశ్రమల ఇన్స్పెక్టరు జీపులో వచ్చాడు. చేతిలో టైపు కొట్టిన జాబితా. మగవాళ్ళు సొసైటీ వసారాలో చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక గోడ దగ్గర. జానయ్య మెట్ల కింద మురికి కాలువ పక్కన నిలబడ్డాడు. అక్కడ నిలబడమని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేకుండా మీ ఊళ్ళు కట్టారు.

ఇన్స్పెక్టరు జాబితా తిరగేసి గిర్ర బర్మా ఇందులో లేదన్నాడు. చేతి పనిముట్లకు సాయం లేదు, యంత్రాలకే ఉంది. కరెంటు బర్మా ఉంది. రెండువందల అరవై. సగం సర్కారు ఇస్తుంది, సగం నేత కూలీలోంచి నెలనెలా కోసుకుంటారు. అంటే ఇరవై రెండుకు వచ్చేది వద్దు, నూటముప్పై అప్పు నెత్తిన వేసుకోమని. దీన్ని సాయం అంటారు. నోరారా సాయం అంటారు, నాలుక తడబడదు.

వెంకటనర్సు కర్ర ఊతంతో లేచి, మాకు గిర్రదే చాలు సారూ అన్నాడు. ఇన్స్పెక్టరు నవ్వాడు. రాకెట్లు పంపుతున్న కాలంలో గిర్ర తిప్పుకుంటానంటావేమిటయ్యా అన్నాడు. వసారా అంతా నవ్వింది. చాయ్ గ్లాసులు పట్టుకుని, తొడలు కొట్టుకుని నవ్వింది. వాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో ఆ కుంటివాడు చేసిన పట్టీలే తిరుగుతున్నాయి. పరమేశ్వర్ ముందుకు వంగి వెంకటనర్సు చెవిలో మెల్లగా చెప్పాడు.

"బావా, ఇయ్యాల వద్దంటే రేపు మన ఊరికి ఏ స్కీమూ రాదు. నీ ఒక్కనికోసం అందరి నోట్ల మన్ను గొడ్తవా?"

వెంకటనర్సు కూర్చున్నాడు. అంతే. అట్లా ఎంపిక జరిగింది.

తర్వాత జీపులోంచి మిషన్ను దింపి, సొసైటీ గోడకున్న ప్లగ్గులో పెట్టి ఆడించి చూపించారు. చెక్క ఏది? వేప దూలం ముక్క, జానెడు మందం. బర్రున మోగింది, పొట్టు లేచింది, బెజ్జం పడింది. చప్పట్లు. అప్పుడే మెట్ల కింద నుంచి జానయ్య, గా పల్చటి పట్టీ మీద ఏసి చూపెట్టమనుర్రి, అన్నాడు. చప్పట్లలో అది మునిగిపోయింది. విన్న పరమేశ్వర్ మాత్రం చేయి ఊపి, నువ్వు జర ఆగు జానయ్యా, అన్నాడు. ఆండాళు కూడా విన్నది. ఆ మాటను గట్టిగా తిరిగి అనడానికి ఆమెకు నోరుంది. అనలేదు. ఇంతమంది మగవాళ్ళ ముందు ఒక ఆడది, అదీ జానయ్య మాటను అందుకుని మాట్లాడితే రేపు వాడకట్టులో ఏమంటారో అని ఆలోచించింది. ఆ ఆలోచన మీద ఆమెకు తర్వాత పుట్టిన రోత ఇంకెవరి మీదా పుట్టలేదు.

మిషన్ ఇంటికి వచ్చింది. దానితోపాటు ఇంగ్లీషులో అచ్చేసిన చిన్న పుస్తకం ఒకటి ఉంటే, పోతుందని చెప్పి పరమేశ్వర్ దాన్ని సొసైటీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో ఉన్నది ఒక్క బల్బు. ఆ బల్బు తీసి హోల్డరు నోట్లో తీగ పెట్టి ఇచ్చాడు పరమేశ్వర్ పంపిన లైనుమన్. ఆండాళు మిషన్‌కు బొట్టు పెట్టింది, పసుపు దారం కట్టింది.

ఇక్కడ మీరు చెవులు రిక్కించి వినాలి. సాలె ఇంట్లో పొద్దున లేవగానే మొదటి పని మగ్గానికి నూనె. నాడె కొసలకు నూనె, పైన వేలాడే గిలకలకు నూనె, నేసిన గుడ్డ చుట్టుకునే దోనె తిరిగే చోట నూనె. కోడి ఈకను పల్లీనూనెలో ముంచి తిరిగేదానికల్లా రాస్తారు. రాయకపోతే మగ్గం కీచుమంటుంది, పోగులు తెగుతాయి, పెద్దవాళ్ళు తిడతారు. ఏడెనిమిదేళ్ళ వయసు నుంచి ఆండాళు ఒక్క పొద్దు కూడా ఆ పని తప్పలేదు. మిషన్ పక్కలకు సన్నటి కంతలున్నాయి. కంతల్లోంచి చూస్తే లోపల రాగి రంగుది ఒకటి మెరుస్తున్నది. అదే తిరిగేది. తిరిగేదానికి నూనె రాయొద్దని ఆ ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ అనలేదు. ఆమె రోజూ పొద్దున మగ్గానికి రాసి, మిగిలిన నూనెను ఒక్కో కంతలోకి ఈకతో జారవిడిచింది. భక్తిగా చేసింది. నూటముప్పై రూపాయల సామాను కదా అని నాలుగు చుక్కలు ఎక్కువే వేసింది.

పని ఎట్లా సాగింది? జానయ్య చెప్పినట్టే సాగింది. మిషన్ ఆరేడు సేర్ల బరువు. కాలు చాపుకుని కూర్చున్న మనిషి దాన్ని ఒక చేత్తో నిలబెట్టలేడు. చేయి వణికింది, ముల్లు జారింది, పదింటిలో నాలుగు పట్టీలు నిలువునా పగిలాయి. మళ్ళీ ఆండాళే ఎదురుగా కూర్చుని రెండు చేతులతో మిషన్ తలను పట్టుకోవలసి వచ్చింది. తాడు పోయి తీగ వచ్చింది, ఆమె మాత్రం అక్కడే ఉంది. మగ్గం ఖాళీగానే ఉంది. ఆరోనాడు కంతల్లోంచి నీలి మిణుగురులు లేచాయి, వెంట్రుకలు మాడిన కంపు కొట్టింది. పొగ. ఆమె చేతులు జివ్వుమన్నాయి. మిషన్ మూలిగి ఆగిపోయింది. వెంకటనర్సు దాన్ని నేల మీద పెట్టి, లేచి, పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ గోడను చూసేసరికి ఆండాళుకు ఏడుపు రాలేదు. వాంతి వచ్చింది. నిజంగానే పెరట్లోకి పోయి కక్కింది. జానయ్యను అడుగుదామంటే, ఆ పసుపు నీళ్ళనాడు సాయంత్రం బర్మా తీసుకుపోయాక అతను ఇంటి ముందు ఆగడం మానేశాడు. పట్టీల కట్ట అరుగు మీద పెట్టి, పిలిచేలోగా సందు మలుపు తిరిగేవాడు. ఎందుకు ఆగడో ఆమెకు తెలుసు. ఆగి ఉంటే ఒకరోజైనా ఆ నూనె ఈకను చూసేవాడు, చూస్తే ఒక్క మాట అనేవాడు. ఊరు మొత్తంలో కరెంటు మిషన్ సంగతి తెలిసిన ఒక్క మనిషిని తన చెంబే తరిమింది. జర తుడువుర్రి అన్న ఆ గొంతు ఆమె చెవిలో అప్పటి నుంచి ఆగలేదు.

పదిరోజులకు ఇన్స్పెక్టరు విచారణకు వచ్చాడు. అదే వసారా, అవే చాపలు, అదే చాయ్. మిషన్ను ఎత్తి తిప్పేసరికి కంతల్లోంచి నల్లటి నూనె కారి అతని తెల్ల ప్యాంటు మీద పడింది. ఛీ అని మిషన్ను కింద పడేశాడు. కరెంటు మిషన్లో నూనె పోస్తారా ఎవరైనా, పశువులకిచ్చినా ఇంతకంటే నయంగా చూసుకుంటాయి, వీళ్ళకివ్వడమే మాది తప్పు, అన్నాడు. వీళ్ళు అన్నప్పుడు అతని వేలు ఒక్క వెంకటనర్సు వైపే కాదు, వసారా మొత్తం మీద తిరిగింది. మొన్న తొడలు కొట్టుకుని నవ్విన మగవాళ్ళు అరచేతుల్లోని గీతలు చూసుకున్నారు.

అతను ఇంగ్లీషులో ఒక కాగితం రాశాడు. పరమేశ్వర్ అడిగితే దాని సారం చెప్పాడు. వాడుకున్నవాళ్ళ నిర్లక్ష్యం వల్ల యంత్రం చెడిపోయింది. సర్కారు సగం రద్దు, మొత్తం రెండువందల అరవై వీళ్ళ దగ్గరే వసూలు చేయాలి. పనిముట్ల కోసం ఈ ఊరి నుంచి వచ్చిన మిగతా దరఖాస్తులన్నీ కొట్టివేత. కింద వేలిముద్ర వేయమని సిరా దిమ్మె జరిపాడు. పరమేశ్వర్ గొంతు తగ్గించి, ఏసెయ్యి చెల్లె, తర్వాత చూద్దాం, అన్నాడు. ఈ తర్వాత చూద్దాం అనే మాటను ఎన్ని మగ్గాల మీద కప్పారో ఎవరైనా లెక్క తీయాలి.

వెంకటనర్సు కర్ర పట్టుకుని లేచి, నూనె నేనే పోసిన, నా ఒక్కని ముద్ర ఏసుకోర్రి, అన్నాడు. ఆండాళు వెనక గోడ నుంచి కదిలి ముందుకు వచ్చింది. చాపల మధ్య నడుస్తుంటే ఒకరిద్దరు కాళ్ళు ముడుచుకున్నారు.

"ఆయన గాదు. నేను పోసిన," అన్నది. "రోజూ పోసిన. పొయ్యొద్దని నాకెవరు చెప్పిండ్రు? అన్నా, గా బీరువల పెట్టిన బుక్కు ఇటు తియ్యి."

పరమేశ్వర్ ఇన్స్పెక్టరు వైపు చూశాడు. ఆమె బీరువా ముందుకు పోయి చేయి చాపింది. చివరికి తాళం తీశాడు. పుస్తకం ఎట్లా వచ్చిందో అట్లాగే ఉంది, పేజీలు ఒకదానికొకటి అంటుకుని. ఇంగ్లీషు పుస్తకంతో నువ్వేం చేస్తావమ్మా అని ఇన్స్పెక్టరు అడిగాడు. ఆమె పుస్తకం అందుకుంది. మెట్లు దిగింది. మురికి కాలువ పక్కన జానయ్య ఉన్నాడు. పుస్తకాన్ని అతని చేతికి ఇచ్చింది. పెట్టలేదు, పడేయలేదు, చేతిలోంచి చేతికి ఇచ్చింది. వసారాలో ఎవరో దగ్గారు.

"గానాడు నీళ్ళు జల్లిన జానన్నా. గది నేను జేసిన తప్పు. మీదికొచ్చి సదువు."

జానయ్య పుస్తకాన్ని తిప్పి చూశాడు. "గా ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం అక్కా," అన్నాడు. "అంత జల్ది ఒడ్సేది గాదు గది."

కాని మెట్లెక్కాడు. సొసైటీ కట్టిన నాటి నుంచి ఆ మెట్లెక్కిన ఆ వాడ మొదటి మనిషి. గోరుతో పేజీలు విడదీసి, వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుని చదివి తెలుగులో చెప్పాడు. నాలుగో పేజీలో ఉంది. కంతల్లో నూనె పోయరాదు. ఆరు నెలలకొకసారి తెలిసినవాడి చేత విప్పించి గ్రీజు పెట్టించాలి. ఐదో పేజీలో ఇంకొకటి ఉంది. బల్బు లైను మీద నడపరాదు. ఆ తీగను హోల్డరు నోట్లో పెట్టించింది ఎవరని అతను అడగలేదు. లైనుమన్ను ఎవరు పంపారో అందరికీ తెలుసు. ఇన్స్పెక్టరు రుమాలుతో ప్యాంటు తుడుచుకుంటూ, ఇవన్నీ మామూలు విషయాలు, కాస్త చదువుకున్నవాళ్ళకెవరికైనా తెలుస్తాయి, అన్నాడు.

ఆండాళు సిరా దిమ్మెను వెనక్కి జరిపింది.

"గట్లయితే సదువుకున్నోళ్ళకే ఇయ్యకపోతిరా సారూ. మేం అడిగింది గిర్ర బర్మా. మీ దాంట్ల లేదంటిరి. గీన్ని మా నెత్తికి రుద్దితిరి. బుక్కు దాస్తిరి. తెలిసినోణ్ణి మోరీ కాడ నిలబెడ్తిరి. మేం గూడ గట్లనే నిలబెడ్తిమి. ఇప్పుడు ముద్ర నన్నెయ్యమంటున్నరు. నా వేలు ఎయ్య. ముందల గీ బుక్కు నా చేతికి ఇచ్చిండ్రా, బీరువల పెట్టిండ్రా, గది రాయుర్రి. తర్వాత నేను నూనె పోసిన్నని రాయుర్రి. రెండూ రాస్తే ఏస్త."

ఇన్స్పెక్టరు రాయలేదు. ముద్ర లేని కాగితాన్నే మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు. జవాబు పైనుంచి వస్తుందన్నాడు. పరమేశ్వర్ బీరువాకు మళ్ళీ తాళం వేశాడు. పుస్తకం మాత్రం ఆండాళు తిరిగి ఇవ్వలేదు.

ఆ మగ్గం పేరు కొట్టేయడానికి ఇక పన్నెండు రోజులే ఉన్నాయి. పైనుంచి జవాబు కోసం కాచుకుని కూర్చోవడానికి ఆ ఇంట్లో ఒక గోడ, దానికి ఆనుకున్న ఒక మనిషి ఉన్నారు. కనుక పెద్దలారా, విచారణ ఆపండి. ఆ కాగితాన్ని జేబులోంచి తీసి ఆ వసారాలోనే, ఆ అరవై ఇళ్ళ కళ్ళ ముందే చింపండి. రెండువందల అరవైని ఆ మిషన్ను ఎంచినవాళ్ళ జీతాల్లోంచి కోయండి. ఆండాళు మగ్గం పేరు ముట్టుకోకండి. ఏ పనిముట్టు కొన్నా దాన్ని చేత పట్టేవాళ్ళు ముందు పట్టి చూడాలి, వాళ్ళ పనికి వాడే చెక్క మీదనే ఆడించి చూడాలి, ఎట్లా చూసుకోవాలో తెలుగులో రాసి వాళ్ళ చేతికే ఇవ్వాలి. కొనే కమిటీలో జానయ్య కూర్చోవాలి, చాప మీద, అందరి మధ్య. ఇవన్నీ తీర్మానాలు చేసుకునేదాకా ఆగలేమంటారా, సరే. రేపు పొద్దున రాయచూరు బస్సుంది. ఇరవై రెండు రూపాయలు ఇచ్చి జానయ్యను ఆ బస్సెక్కించండి.